సంతకానికి ముందు: పరిశోధన పత్రంపై అనువాద హక్కు ఎవరిది?

పరిశోధన పత్రం ప్రచురణకు ఆమోదం పొందినప్పుడు రచయితకు కలిగే సంతోషం సహజం. ఆ సంతోషంలో ప్రచురణకర్త పంపిన ఒప్పంద పత్రాన్ని ఆసాంతం చదివి సంతకం చేసేవారు అరుదు. నేనూ ఒకప్పుడు చదవకుండానే సంతకం చేశాను. కొన్నేళ్ల తరువాత, వేరుశనగలో నీటి యాజమాన్యంపై రాసిన ఆ పత్రంలోని రెండు పటాలను, చర్చా భాగాన్ని రైతుల కరదీపికలో తెలుగులో చేర్చదలచినప్పుడు, అనువాద హక్కు సైతం ప్రచురణకర్తకు బదిలీ అయిందని తెలిసింది. అనుమతి చేతికి వచ్చేసరికి రబీ విత్తే అదను దాటిపోయింది.

కేవలం దిగుబడి అంకెలపై ఎవరికీ కాపీరైట్ ఉండదు. వాటిని వివరించిన వాక్యాలకు, చూపిన పటాలకు ఉంటుంది. అనువాదం చేసే హక్కు అందులో భాగమే. భారత కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు ప్రభుత్వ రచనకు ప్రథమ స్వామి ప్రభుత్వమే. చట్టం ద్వారా ఏర్పడిన సంస్థ ఆదేశంతో లేదా అజమాయిషీలో వెలువడిన రచనకు ఆ సంస్థ ప్రథమ స్వామి. రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయాలు చట్టం ద్వారా ఏర్పడినవే. కనుక హక్కును బదిలీ చేసే అధికారం తనకు ఉన్నదా అని రచయిత ముందుగా తన సంస్థ నిబంధనలలో చూడాలి. పలు అంతర్జాతీయ ప్రచురణకర్తల ఒప్పందాలలో ప్రభుత్వోద్యోగులకు ప్రత్యేక గడి ఉంటుంది. అమెరికాలో ఫెడరల్ ఉద్యోగులు విధి నిర్వహణలో చేసిన రచనలకు ఆ దేశ చట్టం కాపీరైట్ ఇవ్వకపోవడం ఇందుకు ఒక కారణం.

భారత వ్యవసాయ పరిశోధన మండలి 2013లో ఓపెన్ యాక్సెస్ విధానాన్ని ప్రకటించింది. దాని ప్రకారం, సమీక్ష అనంతరం ఆమోదం పొందిన తుది రాతప్రతిని రచయిత తన సంస్థ డిజిటల్ భాండాగారంలో భద్రపరచాలి. ఒప్పందంపై సంతకం చేసేటప్పుడు ఈ విధానాన్ని ప్రస్తావించాలి. ప్రచురణకర్త విధించే నిరీక్షణ కాలం 12 నెలలకు మించరాదు. స్నాతకోత్తర, పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలకు కృషికోశ్ భాండాగారం ఉన్నది. ఈ మార్గంలో రచయిత ప్రచురణ రుసుము చెల్లించనవసరం లేదు.

రుసుము చెల్లించి నేరుగా ఓపెన్ యాక్సెస్‌లో ప్రచురించేవారు లైసెన్సు రకాన్ని గమనించాలి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సులలో 'బై' రకం, మూల రచయిత పేరు పేర్కొంటే చాలు, అనువాదానికి, పునర్ముద్రణకు అనుమతిస్తుంది. 'ఎన్‌డీ' అక్షరాలున్న లైసెన్సు కింద పత్రాన్ని ఎవరైనా ఉచితంగా చదవవచ్చు గాని, దాని తెలుగు అనువాదాన్ని పంచరాదు. ఉచితంగా చదవగలగడం వేరు, రైతు భాషలోకి తేగలగడం వేరు. విస్తరణ కార్యక్రమాలకు ఈ రెండవదే కీలకం.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం, మూడేళ్లకు రూ.6,000 కోట్ల వ్యయంతో, 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలను ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు అందుబాటులోకి తెచ్చింది. ఇది ఎంతో మేలు. అయితే ఇది ప్రధానంగా చదివే సౌకర్యం. రాష్ట్ర వ్యవసాయ శాఖలోని మండల వ్యవసాయాధికారి ఈ పథకం పరిధిలోకి రారు. అభ్యుదయ రైతు అసలే రారు. వారికి మన పత్రం చేరాలంటే భాండాగారంలోని రాతప్రతి, తెలుగు అనువాదం అవసరమే.

కావున సంతకానికి ముందు నాలుగు విషయాలు సరిచూసుకోవాలి. ఒకటి, ఒప్పందం హక్కుల పూర్తి బదిలీయా, కేవలం ప్రచురణకు అనుమతియా. రెండు, తుది రాతప్రతిని భద్రపరచే హక్కు మిగిలిందా, ఎన్ని నెలల తరువాత. మూడు, భారతీయ భాషలలో విస్తరణ సాహిత్యానికి పటాలను, పాఠాన్ని వాడుకునే హక్కు రచయితకు, సంస్థకు ఉన్నదా. నాలుగు, ప్రభుత్వోద్యోగుల గడి మనకు వర్తిస్తుందా. మూడవ అంశం లేకపోతే ఆ వాక్యాన్ని చేర్చమని లిఖితపూర్వకంగా కోరాలి. అంగీకరించని పత్రికలూ ఉంటాయి. అప్పుడు మరొక పత్రికను ఎంచుకునే అవకాశం సంతకానికి ముందే ఉంటుంది.

తొలి పత్రం పంపే విద్యార్థికి గణాంక విశ్లేషణతో పాటు ఈ ఒప్పందం చదవడం కూడా నేర్పవలసిన బాధ్యత మార్గదర్శకులది. తుది రాతప్రతిని తేదీతో సహా దాచుకోవడం ఆ పాఠంలో మొదటి మెట్టు.