గుట్ట మీద గాలిమర... గుమ్మానికి రాని కరెంటు బండి

గుమ్మఘట్ట: కల్యాణదుర్గం నుంచి రాయదుర్గం దిక్కుగా వచ్చేవారికి గుట్టల మీద వరుసగా నిలిచిన గాలిమరలు కనిపిస్తాయి. వర్షం రాకపోయినా ఈ సీమకు గాలి మాత్రం కరువు లేదు. ఆ గాలితో పుట్టిన కరెంటు తీగెల మీద ఎక్కడెక్కడికో పోతున్నది. అదే గుట్టల కింద మట్టిరోడ్డు మీద టమోటా క్రేట్లు నింపుకున్న చిన్న ట్రక్కు డీజిల్ పొగ చిమ్ముతూ పోతున్నది. లీటరు నూరు రూపాయల దరిదాపుకు చేరిన చమురు పోసి, గిట్టుబాటు ధర వస్తుందో రాదో తెలియని సరుకును మార్కెట్టుకు చేర్చడం భైరవానితిప్ప, కలుగోడు, బేలోడు వంటి గ్రామాల రైతులకు నిత్యకృత్యం. మార్కెట్లో ధర పడిపోయిన రోజున బండి బాడుగ కూడా చేతికి రాక, కాయలను రోడ్డు పక్కన పారబోసిన సందర్భాలు ఈ జిల్లాలో కొత్త కాదు.

ఈ పరిస్థితుల్లో కరెంటుతో నడిచే ట్రక్కులు, కార్ల మాట పల్లె రచ్చకట్టల మీదకు కూడా వచ్చింది. అయితే అవి సామాన్యుడు కొనగలిగే ధరకు, సామాన్యుడికి అందే చోట దొరుకుతాయా అన్నదే ప్రశ్న.

నిజానికి కార్ల తయారీ ఈ సీమకు దూరపు మాట కాదు. 2017లో కొరియా దేశపు కియా సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొని పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద కర్మాగారాన్ని నిర్మించింది. 2019లో అక్కడ నుంచి కార్లు మార్కెట్టులోకి వచ్చాయి. అప్పటికి పెనుకొండ అనంతపురం జిల్లాలోనే వుండేది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగిన తరువాత అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. 2025 జూలైలో ఆ సంస్థ దేశంలోనే తయారైన తన విద్యుత్ కారు కేరెన్స్ క్లావిస్‌ను విడుదల చేసింది. ప్రారంభ ధర రూ.17.99 లక్షలు.

ఈ మొత్తాన్ని వేరుశనగలో లెక్క వేసి చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. 2025-26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రూ.7,263. ఆ ధర పూర్తిగా దక్కినా కారు ఖరీదుకు 248 క్వింటాళ్ళ కాయలు అమ్మాలి. వర్షాధారంగా ఎకరాకు నాలుగు క్వింటాళ్ళు చేతికి వస్తే ఆ యేడు బాగా పండినట్టే లెక్క. అంటే అరవై ఎకరాలకు పైబడిన భూమిలో పండిన మొత్తం పంటను, విత్తనం ఖర్చు, కూలి ఖర్చు కూడా మినహాయించకుండా, ఒక కారు కింద ఇచ్చివేయాలి. గుమ్మఘట్ట మండలంలో అంతటి రైతులను వేళ్ళ మీద లెక్కించవచ్చు.

పొరుగున వున్న బెంగళూరులో రేవా అనే చిన్న విద్యుత్ కారు 2001లోనే రోడ్డెక్కింది. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు కూర్చునే ఆ బుల్లి కారు లండన్ వీధుల్లో కూడా తిరిగింది. 2010లో ఆ సంస్థ మహీంద్రా చేతికి వెళ్ళింది. అంత ముందుగా మొదలైనా ఇన్నేళ్ళుగా ధర దిగిరాకపోవడానికి ప్రధాన కారణం బ్యాటరీ. 2010 ప్రాంతంలో ఒక యూనిట్ కరెంటును నిల్వ చేయగల లిథియం బ్యాటరీకి ప్రపంచ మార్కెట్టులో వెయ్యి డాలర్లకు పైగా అయ్యేది. 2024 నాటికి సగటున 115 డాలర్లకు పడిపోయింది. చైనాలో 2020లో వూలింగ్ అనే సంస్థ ఒక బుల్లి కారును 28,800 యువాన్లకు, మన లెక్కలో మూడు లక్షల పైచిలుకు రూపాయలకు, అమ్మకానికి పెట్టింది. ఆ కుటుంబానికి చెందిన కారే 2023లో ఎం.జి. కామెట్ పేరిట మన దేశానికి వచ్చింది. అప్పట్లో ఇక్కడ ధర రూ.7.98 లక్షలు!

2024లో ఆ సంస్థే మరొక పద్ధతి పెట్టింది. అప్పట్లో కారుకు రూ.4.99 లక్షలు చెల్లించి, బ్యాటరీకి మాత్రం కిలోమీటరుకు రెండున్నర రూపాయల చొప్పున అద్దె కట్టాల్సి వుండేది. బండి, కాడి కొనుక్కుని ఎద్దులను బాడుగకు తెచ్చుకోవడం లాంటిదన్నమాట. మన పల్లెల్లో ఎద్దుల బాడుగ తెలియనిది కాదు గనుక ఈ ఏర్పాటు అర్థం కావడం కష్టమేమీ కాదు. అద్దె పోనూ మిగిలేదెంత అన్నది మాత్రం ఎవరికి వారు చూసుకోవలసిందే.

ట్రక్కు లెక్క వేరు

కారు సంగతి అటుంచితే, రైతుకు, బాడుగ బండి నడుపుకునే యువకుడికి కావలసింది చిన్న ట్రక్కు. ఇక్కడ పరిస్థితి కొంత ఆశాజనకంగా వుంది. 2025 జూన్‌లో టాటా సంస్థ ఏస్ ప్రో అనే చిన్న ట్రక్కును విడుదల చేసింది. 750 కిలోల బరువు మోసే ఈ బండి ధర విడుదల నాటికి పెట్రోలుతో నడిచేదైతే రూ.3.99 లక్షలు, కరెంటుతో నడిచేదైతే రూ.6.50 లక్షలు. అదే యేడు సెప్టెంబరులో ఆయిలర్ సంస్థ ఒక టన్ను మోసే విద్యుత్ ట్రక్కును రూ.5.99 లక్షల ప్రారంభ ధరకు ప్రకటించింది. ఇవన్నీ షోరూం ధరలు. ఇన్సూరెన్సు మొదలైనవి అదనం.

ఇక్కడొక చిక్కు వచ్చి పడింది. విద్యుత్ వాహనాల మీద జి.ఎస్.టి. 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా చేసే పెట్రోలు, డీజిల్ వాహనాల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. చమురు బండి చవకైంది, కరెంటు బండి ధర అక్కడే నిలిచింది. రెండింటి మధ్య తేడా సుమారు రూ.2.80 లక్షలకు పెరిగింది.

ఈ తేడా ఎన్నాళ్ళకు తిరిగి వస్తుంది? రోజుకు 100 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులు తిరిగే బండిని తీసుకుందాం. పెట్రోలు లీటరుకు 18 కిలోమీటర్లు ఇస్తే, లీటరు రూ.109 చొప్పున నెలకు రూ.15 వేలు దాటుతుంది. కరెంటు బండి బ్యాటరీ 14.4 యూనిట్లది. ఒకసారి ఛార్జి చేస్తే 155 కిలోమీటర్లు వస్తుందని సంస్థ చెప్పినా, బరువు వేసుకొని గుంతల రోడ్డు మీద తిరిగితే నూరు, నూటయిదు అనుకోవడమే మంచిది. ఛార్జింగ్‌లో పోయే తరుగు కూడా కలిపితే రోజుకు పదిహేనున్నర యూనిట్లు, నెలకు 385 యూనిట్లు అవుతుంది.

యూనిట్ ధరలోనే మరో మెలిక వుంది. 2022లో సవరించిన గృహ టారిఫ్‌లో 30 యూనిట్ల లోపు రూ.1.90తో మొదలై, 225 దాటితే రూ.8.75, 400 దాటితే రూ.9.75 పడుతుంది. నెలకు 80 యూనిట్లు వాడే ఇంట్లో బండి కూడా ఛార్జి చేస్తే బిల్లు పై స్లాబులోకి ఎగబాకుతుంది. అయినా సర్‌ఛార్జీలతో సహా అదనపు ఖర్చు మూడున్నర వేలకు మించదు. అంటే నెలకు సుమారు పదకొండున్నర వేల ఆదా. రెండేళ్ళలో తేడా డబ్బు తిరిగి వస్తుంది.

అయితే ఇదంతా బండి తిరిగితేనే సుమా! టమోటా కోతల కాలంలో తప్ప ఇంటి ముందు నిలబడి వుండే బండి నెలకు పది రోజులే తిరిగితే ఆదా అయిదు వేలకు పడిపోతుంది. అప్పుడు తేడా పూడటానికి దాదాపు అయిదేళ్ళు పడుతుంది. సొంత పంట కోసమే బండి కొనదలచిన చిన్న రైతుకు ఇది లాభసాటి బేరం కాదని లెక్కే చెబుతున్నది. నలుగురైదుగురు రైతుల సరుకు మోసి, మిగతా రోజుల్లో రాయదుర్గం దుస్తుల పరిశ్రమ బాడుగలో, పాల క్యాన్లో, కిరాణా సరుకో వేసుకొని తిరిగేవారికే ఇది గిట్టుబాటు అవుతుంది.

దూరం కూడా చూసుకోవాలి. గుమ్మఘట్ట నుంచి రాయదుర్గం, కల్యాణదుర్గం, సరిహద్దు దాటి మొలకాల్మూరు రానుపోను తిరగడానికి బ్యాటరీ చాలుతుంది. అనంతపురం దగ్గరి కక్కలపల్లి టమోటా మార్కెట్టుకు పోతే మాత్రం పోవడమే వుంటుంది, తిరిగి రావడానికి అక్కడ గంటల కొద్దీ ఛార్జింగ్‌కు ఆగాలి. ఛార్జింగ్ కేంద్రాలు బెంగళూరు - హైదరాబాదు జాతీయ రహదారి వెంట వచ్చినంత వేగంగా లోపలి రోడ్ల వెంట రాలేదు. పైగా 750 కిలోల బండికి టన్నున్నర ఎక్కించడం మన వైపు అలవాటు. డీజిల్ బండి మూలుగుతూనైనా లాగుతుంది. కరెంటు బండి లాగుతుంది గాని, బ్యాటరీ సగం దారిలోనే అడుగంటుతుంది.

అప్పు పుట్టేదెక్కడ?

ధర తరువాతి గండం అప్పు. పాత విద్యుత్ ట్రక్కు అయిదేళ్ళ తరువాత ఎంతకు అమ్ముడవుతుందో చెప్పేవారు లేకపోవడంతో, రుణదాతలు వడ్డీ ఎక్కువ వేసి, గడువు తక్కువ ఇవ్వడం కద్దు. అయిదున్నర లక్షల రుణానికి 9 శాతం వడ్డీ, అయిదేళ్ళ గడువు అయితే నెల వాయిదా సుమారు రూ.11,400. అదే 12 శాతం వడ్డీ, నాలుగేళ్ళ గడువు అయితే రూ.14,500 అవుతుంది. చమురులో మిగిలిన పదకొండున్నర వేలు మొదటి వాయిదాకు సరిగ్గా సరిపోతాయి, రెండో దానికి మూడు వేలు చేతి నుంచి పెట్టుకోవాలి. కరువు యేట ఆ మూడు వేలే బండిని ఫైనాన్సు వారి షెడ్డుకు చేరుస్తాయి. హామీ లేకుండా ఇచ్చే ముద్ర రుణాల్లో 2015 నుంచి 10 లక్షల వరకు వున్న తరుణ్ కేటగిరీ రవాణా వాహనాలకు కూడా వర్తిస్తుంది. బాడుగ బండి కొనేవారు బ్యాంకు మేనేజరును ముందుగా ఆ దారినే అడగడం ఉత్తమం.

ప్రభుత్వ సబ్సిడీ విషయానికి వస్తే చిన్న ట్రక్కు కొనేవాడు రెంటికీ చెడిన రేవడి అయినాడు. 2024 అక్టోబరులో రూ.10,900 కోట్లతో మొదలైన పి.ఎం. ఇ-డ్రైవ్ పథకంలో ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు, బస్సులకు, మూడున్నర టన్నులు దాటిన పెద్ద ట్రక్కులకు చోటు దొరికింది. పెద్ద ట్రక్కుకు గరిష్ఠంగా రూ.9.60 లక్షల దాకా ఇస్తామన్నారు. కార్లకు లేదు. సరిగ్గా మన పల్లెల్లో తిరిగే చిన్న నాలుగు చక్రాల ట్రక్కుకూ లేదు. తెలంగాణలో 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వుతో 2026 డిసెంబరు ఆఖరు వరకు విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తివేశారు. మన రాష్ట్రంలో కొత్త విద్యుత్ వాహన విధానం 2024 డిసెంబరులో వచ్చింది. తమ బండికి పన్ను మినహాయింపు ఎంతవరకు వర్తిస్తుందో డీలరు మాట మీద ఆధారపడకుండా రవాణా శాఖ కార్యాలయంలోనే అడిగి తెలుసుకోవాలి. ఒక వెసులుబాటు మాత్రం దేశమంతటా వుంది. 2018 అక్టోబరు నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం బాడుగకు తిరిగే విద్యుత్ వాహనానికి పర్మిట్ అక్కరలేదు.

ప్రభుత్వం తలచుకుంటే బండ్లు పల్లెకు చేరడం అసాధ్యమేమీ కాదు. ఇంటింటికీ రేషన్ చేర్చడానికని 2021 జనవరిలో రాష్ట్రమంతటా 9,260 మినీ ట్రక్కులను నిరుద్యోగ యువకుల చేత సబ్సిడీ మీద కొనిపించారు. 2025 జూన్‌తో ఆ పద్ధతి రద్దయింది. అవి చమురు బండ్లే. 2023 జూన్‌లో మునిసిపాలిటీల్లో చెత్త మోయడానికి రూ.21.18 కోట్లతో 516 విద్యుత్ ఆటోలను కొన్నారు. ఒక్కొక్కటి రూ.4.10 లక్షలు. చెత్త మోసే ఆటోకు దొరికిన మార్గం టమోటా మోసే ట్రక్కుకు ఎందుకు దొరకదని రైతు అడిగితే తప్పు పట్టలేము. మొత్తంగా ఒకే చోట కొంటే ధర తగ్గుతుంది, మెకానిక్ కూడా మండలానికి వస్తాడు. మెకానిక్ లేని బండి ఎంత చవకైనా పల్లెలో చెల్లదు. చెడిపోయిన బండిని లారీ మీద వేసి అనంతపురమో బళ్ళారో పంపితే వారం రోజుల బాడుగ గోవిందా.

ఇంట్లో ఛార్జింగ్ జాగ్రత్తలు

బండిని ఇంటి మీటరు నుంచే ఛార్జి చేసుకోవచ్చునని 2022 జనవరి నాటి కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. వ్యవసాయ మోటారుకు ఇచ్చే ఉచిత కరెంటు మాత్రం అందుకు కాదు. బోరు స్టార్టరు పెట్టె నుంచి తీగె లాగి ఛార్జి చేద్దామనే ఆలోచన వుంటే మానుకోవాలి. పేద ఇళ్ళ మీటర్లకు మంజూరైన లోడు సాధారణంగా తక్కువ. ఛార్జరు ఒక్కటే మూడు కిలోవాట్ల దాకా లాగుతుంది గనుక ముందుగా విద్యుత్ కార్యాలయంలో లోడు పెంచుకోవాలి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల సోలార్ పలకలకు రూ.78 వేల సబ్సిడీ వుంది. ఈ ఎండకు అవి రోజుకు పన్నెండు యూనిట్ల దాకా ఇస్తాయి. మిద్దె గట్టిగా వున్నవారికి స్లాబుల బాధ చాలావరకు తప్పుతుంది.

ఎండలో తిరిగి వచ్చిన బండిని వెంటనే ఛార్జింగ్‌కు పెట్టకుండా గంటసేపు నీడన ఆరనివ్వాలి. పదిహేను ఆంపియర్ల ప్లగ్గు, మంచి తీగె, సరైన ఎర్తు తప్పనిసరి. మన నేలలో ఎర్తే పెద్ద సమస్య. తడి లేని రాతి నేల కరెంటును తనలోకి తీసుకోదు. గుంత లోతుగా తీసి, ఉప్పు, బొగ్గు వేసి, వేసవిలో రోజూ ఒక బిందెడు నీళ్ళు పోస్తేనే ఎర్తు పనిచేస్తుంది. తాగేనీటి ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టుకునే పల్లెల్లో ఆ ఒక్క బిందెనూ ఖర్చు కింద రాసుకోవలసిందే.