సంచి ఇంటి నుంచే బయలుదేరాలి

బక్రీద్‌కు మేకపోతును కొనేటప్పుడు మనం ఎంత శ్రద్ధ తీసుకుంటామో అందరికీ తెలిసిందే. వయసు నిండిందా, కొమ్ము విరిగిందా, చెవి తెగిందా, కాలు కుంటుతోందా, కంటిచూపు సరిగా ఉందా అని ఒకటికి నాలుగుసార్లు చూస్తాం. లోపమున్న జంతువు ఖుర్బానీకి పనికిరాదు కనుక ఆ జాగ్రత్త అవసరమే. కొన్నేళ్ల క్రితం మా ఇంట కూడా అలాగే చూసి తెచ్చాం. పండుగనాడు నమాజు ముగిసింది, జబహ్ అయింది. బోటీ శుభ్రం చేయడానికి కసాబు పొట్ట కోశాడు. మేత మధ్య నుంచి పిడికెడంత ముద్ద ఒకటి బయటపడింది. నీళ్లతో కడిగి విప్పి చూస్తే అది నల్లటి ప్లాస్టిక్ కవరు! మేమంతా నివ్వెరపోయాం. కసాబు మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. "వీధుల్లో తిరిగిన మేకలకు ఇది మామూలే మౌల్వీ సాబ్" అంటూ దాన్ని పక్కన పడేశాడు.

అది చూసి బాధపడిన మేమే, గంట తిరక్కుండా మాంసాన్ని మూడు వాటాలు వేసి, బంధుమిత్రుల వాటాను, పేదల వాటాను అలాంటి నల్ల కవర్లలోనే కట్టి పంపించాం. సాయంత్రం మగ్రిబ్ నమాజుకు వెళుతూ చూస్తే వీధి మూలన చెత్తకుండీ దగ్గర అవే కవర్లు గుట్టగా పడి ఉన్నాయి. వాటిలో మూతి పెట్టి రెండు మేకలు వెతుక్కుంటున్నాయి. పైకి కనిపించే లోపాలన్నీ వెతికి కొన్న మనం, ఆ జీవం కడుపులోకి లోపాన్ని మన చేతులతోనే పంపుతున్నామా అన్న ప్రశ్న ఆనాటి నుంచి నన్ను వదలలేదు.

ఒక్క సాయంత్రం లెక్క

రంజాన్ నెలలో ఒక సాయంత్రం బజారుకు వెళ్లివచ్చాక మన చేతిలో ఎన్ని కవర్లు ఉంటాయో ఎప్పుడైనా లెక్కపెట్టామా? ఖర్జూరాలకు ఒకటి, పండ్లకు ఒకటి, మిర్చి బజ్జీలకు ఒకటి, కొత్తిమీర పుదీనాకు ఒకటి, మాంసానికి రెండు. ఒకటి చిరిగితే ఎలా అని కసాబే రెండోది తొడుగుతాడు. మొత్తం ఆరు. రోజుకు ఆరు చొప్పున 30 రోజులకు 180. ఒక గల్లీలో 50 ఇళ్లుంటే ఆ ఒక్క నెలకు 9,000 కవర్లు. వీటిలో ఒక్కోదాన్ని మనం వాడేది దుకాణం నుంచి ఇంటికి వచ్చేంత సేపు, అంటే పావుగంట!

ఆ పావుగంట తర్వాత దాని గతేమిటి? కాగితం తడిసి నానిపోతుంది. మోదుగాకు, టేకాకు ఎండి మట్టిలో కలుస్తాయి. పెట్రోలియం, సహజవాయువుల నుంచి తయారయ్యే పాలిథీన్ మాత్రం కుళ్లదు. ఎండకు పెళుసెక్కి ముక్కలవుతుంది, ముక్కలు మరింత చిన్న ముక్కలవుతాయి. నేడు మనం చూస్తున్న పిడులున్న కవరుకు స్వీడన్‌లోని ఒక కంపెనీ 1965లో పేటెంటు పొందింది. మన తాతల కాలంలో లేని వస్తువు ఇది. అయినా అది లేనిదే బజారుకు పోలేమన్నంతగా అలవాటు పడిపోయాం.

నోరులేని జీవాలు

పశువు ప్లాస్టిక్‌ను కోరి తినదు. మనం మిగిలిన అన్నం, రొట్టెముక్కలు, పండ్ల తొక్కలు కవర్లో వేసి ముడి బిగించి పారేస్తాం. ఆకలిగొన్న పశువుకు లోపలి వాసన తెలుస్తుంది గాని ముడి విప్పడానికి దానికి చేతులు లేవు. కవరుతో సహా మింగుతుంది. అది పొట్టలో అరగదు, బయటకూ రాదు. ఒకదానికొకటి చుట్టుకొని ముద్దకడుతుంది. మేతకు చోటు తగ్గుతుంది, పాలు తగ్గుతాయి, చివరకు కడుపు నిండినట్టే ఉండి జీవం చిక్కిపోతుంది.

మన పుట్టపర్తిలో జంతు సంరక్షణ కోసం పనిచేసే కరుణా సొసైటీ ఆవుల పొట్టలకు శస్త్రచికిత్స చేయించి కిలోలకొద్దీ ప్లాస్టిక్‌ను బయటకు తీయించింది. ఆ సంస్థ వేసిన వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. ప్లాస్టిక్ సంచులు రాబోయే తరానికి అణుబాంబుకన్నా పెద్ద ముప్పు కాగలవని 2012లో ధర్మాసనం వ్యాఖ్యానించింది.

దారిలో ఉన్న హానికర వస్తువును తొలగించడం కూడా విశ్వాసంలో ఒక భాగమేనని దైవప్రవక్త (స) బోధించారు. ముల్లును తీసివేయడం పుణ్యకార్యమైతే, నోరులేని జీవం మింగే కవరును దారిలో పడేయడం ఏమవుతుందో మనమే ఆలోచించుకోవాలి.

నీటికి అడ్డుకట్ట

పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌ను 1988లోను, 1998లోను భారీ వరదలు ముంచెత్తాయి. నీరు బయటకు పోవలసిన కాలువలను పాలిథీన్ సంచులు పూడ్చివేశాయని అక్కడివారు గ్రహించారు. 2002లో పలుచని పాలిథీన్ సంచులను ఆ దేశం నిషేధించింది. ప్రపంచంలో ఇలా నిషేధించిన మొదటి దేశం అదే. అయితే నిషేధం అమలు సడలి, కవర్లు మళ్లీ బజారులోకి వచ్చాయి. ప్రజల అలవాటు మారకుండా చట్టం ఒక్కటే నిలబడలేదనడానికి ఇదొక గుణపాఠం.

హైదరాబాద్‌లో 2020 అక్టోబరులో కురిసిన వానలు పాతబస్తీవారికి ఇంకా గుర్తే. హఫీజ్ బాబా నగర్, ఫలక్‌నుమా ప్రాంతాల్లో ఇళ్లు మునిగాయి. ప్రాణాలు పోయాయి. చెరువు కట్టలు తెగడం, నాలాల ఆక్రమణ పెద్ద కారణాలు. అంతా కవర్ల వల్లే అనడం న్యాయం కాదు. కానీ ఇరుకైపోయిన నాలాలో కవర్ల దొంతర కూడా అడ్డుపడితే నీరు ఎటు పోతుంది? మన వాకిట్లోకే వస్తుంది.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో క్యారీ బ్యాగు కనీస మందం 2016లో 50 మైక్రాన్లు. 2021 సెప్టెంబరు 30 నుంచి దాన్ని 75కు, 2022 డిసెంబరు 31 నుంచి 120కు పెంచారు. మందం పెరిగితే ధర పెరుగుతుంది, ఉచితంగా చేతికివ్వడం తగ్గుతుంది, కొన్నది మళ్లీ వాడతారు అన్నది ఇందులోని ఆలోచన. ఐర్లండ్‌లో 2002లో ఒక్కో కవరుకు 15 సెంట్ల పన్ను వేయగానే వాడకం పదింట తొమ్మిది వంతుల మేర పడిపోయింది. ఉచితమైతే విలువ లేదు, వెల కట్టగానే అవసరం లేదనిపించింది!

మన బజారులో పలుచని కవరు ఇంకా కనిపిస్తూనే ఉంది. దుకాణదారును తప్పుపట్టడం తేలికే. కానీ అతడు సొంత డబ్బుతో కవర్లు కొంటున్నాడు. లేదంటే గిరాకీ పక్క దుకాణానికి పోతుందని అతని భయం. చేయి చాచి అడిగేవారం మనమే గనుక మార్పు మన నుంచే మొదలుకావాలి.

గుడ్డ సంచిలోనూ వృథా ఉంది

గుడ్డ సంచి కొంటే బాధ్యత తీరిపోయిందనుకోవడం కూడా పొరపాటే. పత్తి పండించడానికి, నేయడానికి నీరు, ఎరువు, కరెంటు కావాలి. ఒకసారి వాడి పారేసే పలుచని కవరుతో పోల్చితే, కొత్త నూలు సంచిని 131 సార్లు వాడితేగాని వాతావరణంపై భారం విషయంలో దానితో సమానం కాదని ఇంగ్లండ్ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. వారానికి రెండుసార్లు బజారుకు పోతే ఏడాదీ మూడు నెలలన్న మాట. సభల్లో పంచిన సంచులు పదేసి బీరువాలో మూలుగుతుంటే అది కూడా ఇస్రాఫే, దుబారాయే. కొత్తది కొనడంకన్నా పాత సల్వారు, పాత చీర, చిరిగిన దుప్పటి నుంచి కుట్టిన థైలీ మేలు.

మనం చేయగలిగినవి

సంచిని తలుపు వెనుక మేకుకు తగిలించండి. మరొకటి స్కూటరులో ఉంచండి. మరచిపోవడమే మన అసలు జబ్బు. కంటి ముందుంటే మరచిపోం.

మాంసానికి మూత ఉన్న స్టీలు డబ్బా తీసుకెళ్లండి. డబ్బాను ముందుగా తూచి, ఆ బరువు తీసేసి తూచమంటే కసాబు కాదనడు. హలీమ్, సాలన్ తెచ్చుకోవడానికి మన పెద్దలు వాడిన తోషదాన్ ఉండనే ఉంది. వేడి, నూనె తగిలితే ప్లాస్టిక్‌లోని రసాయనాలు ఆహారంలోకి దిగే అవకాశం ఎక్కువ గనుక ఇది ఆరోగ్యానికీ మంచిదే.

ఇప్పటికే ఇంట్లో చేరిన కవర్లను ఆరబెట్టి మళ్లీ వాడండి. తిండి మిగులును మాత్రం ఎన్నడూ కవర్లో వేసి ముడి కట్టకండి.

రంజాన్‌లో పేదలకు రేషను పంచే కమిటీలు ఆ సరుకును గుడ్డ సంచుల్లో ఇవ్వవచ్చు. మొహల్లాలో కుట్టుపని చేసే అక్కాచెల్లెళ్లకు ఆ పని అప్పగిస్తే వారికి నాలుగు రూకలు దొరుకుతాయి. ఇమామ్‌లు జుమా నాడు రెండు మాటలు చెప్పినా వందల ఇళ్లకు చేరుతుంది.

ఇక బక్రీద్ వాటాల సంగతి. మా చిన్నతనంలో వాటా గిన్నెలో వచ్చేది, పైన శుభ్రమైన రుమాలు కప్పి ఉండేది. గిన్నెను ఖాళీగా తిప్పి పంపితే అమ్మ ఒప్పుకునేది కాదు. కాస్త షీర్ ఖుర్మానో, నాలుగు నిమ్మకాయలో వేసి పంపేది. గిన్నె తిరిగి వెళ్లేది, దానితోపాటు పలకరింపు కూడా వెళ్లేది. కవరు వచ్చాక గుమ్మంలో చేతికిచ్చి వెళ్లిపోవడమే మిగిలింది. తిరిగి ఇవ్వవలసినదేమీ లేనిచోట తిరిగి వెళ్లవలసిన పనీ లేకుండాపోయింది.

గత మూడు బక్రీద్‌ల నుంచి మా ఇంట వాటాలు గిన్నెల్లోనే వెళుతున్నాయి. గిన్నెలు చాలక, మొదటి ఏడాది పొరుగింటివారిని అడిగి తెచ్చుకున్నాం. రెండు గిన్నెలు ఇంతవరకు తిరిగి రాలేదు. ఆ నష్టం మాకు సంతోషమే. అవి ఏ మేక కడుపులోనూ లేవని మాత్రం నిశ్చింతగా చెప్పగలం.

భూమి మీద మనల్ని బాధ్యులుగా నిలిపిన అల్లాహ్, ఆ అమానతును కాపాడుకునే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.