నరికిన అడవి మళ్లీ లేస్తే: నెల్లూరు తీరపు మలి అడవులపై అపోహలు – వాస్తవాలు

ఉత్తర అమెరికా పడమటి తీరం వెంట, ఉత్తర కాలిఫోర్నియా నుంచి అలాస్కా దాకా, చలి ప్రాంతపు వర్షారణ్యాలున్నాయి. కలప కోసం వాటిని చాలాచోట్ల నరికేశారు. నరికిన చోట మళ్లీ లేచిన మలి అడవిని ఎలా సాకాలన్నది అక్కడి విశ్వవిద్యాలయాల్లో దశాబ్దాలుగా నలుగుతున్న ప్రశ్న. ఎక్కడి అలాస్కా, ఎక్కడి నెల్లూరు అనిపించవచ్చు. కానీ మైపాడు నుంచి పులికాట్ దాకా మన ఇసుక నేలల మీద మిగిలిన అడవంతా దాదాపు మలి అడవే. దాన్ని ఏం చేయాలన్న ప్రశ్న మనకూ ఉంది. మనం దాన్ని గట్టిగా అడగడం లేదు, ఎందుకంటే మన తలల్లో కొన్ని తప్పు అభిప్రాయాలు పాతుకుపోయాయి.

అపోహ: ఏడాదంతా పచ్చగా ఉండే అడవికి కుండపోత వానలు కావాలి.

చలి ప్రాంతపు వర్షారణ్యానికి కావాలి. అక్కడ ఏడాదికి 1400 మిల్లీమీటర్లు దాటి వాన పడాలని, వేసవి చల్లగా ఉండాలని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. నెల్లూరు తీరంలో పడేది సుమారు 1000 మిల్లీమీటర్లు. అందులోనూ సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. తర్వాత నెలల తరబడి ఎండ. అయినా పాల, అల్లి, నేరేడు లాంటి చెట్లు రోహిణి కార్తెలోనూ ఆకు రాల్చి బోసిపోవు. ఈ అడవి చెట్ల ఆకులు చాలావరకు చిన్నవి, దళసరివి, తోలులాంటివి. నీటిని పొదుపుగా వాడుకుంటాయి. ఛాంపియన్, సేథ్ 1968లో చేసిన భారతీయ అడవుల వర్గీకరణలో దీనికి ప్రత్యేక స్థానముంది: ఉష్ణమండల పొడి సతతహరిత అడవి. మన దేశంలో ఇది ప్రధానంగా కోరమండల్ తీరానికే పరిమితం.

అపోహ: శ్రీహరికోట అడవి మనిషి చెయ్యి పడనిది.

ఈ రకం అడవిలో మిగిలినవాటిలో అతి పెద్దది శ్రీహరికోటలోనే ఉంది. 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉన్న ఆ ద్వీపాన్ని ఆ ఏడాది తిరుపతి జిల్లాలో కలిపారు. రాకెట్ల చిత్రాల వెనక దట్టంగా కనిపించే పచ్చదనం చూసి అది ఆదినుంచీ అలాగే ఉందనుకుంటారు. అది నిజం కాదు. 1835లో ప్రభుత్వం ద్వీపాన్ని తన అజమాయిషీలోకి తీసుకుంది. మద్రాసు పొయ్యిలకు ఇక్కడి వంటచెరకు వెళ్లేది. బకింగ్‌హాం కాలువలో పడవల మీద కట్టెలు తరలేవి. కూపులు వేసి, అంటే ముక్కలుగా పంచి వంతులవారీగా, నరికిన అడవి అది. తర్వాత సరుగుడు, జామాయిల్ తోటలూ వేశారు. 1969లో రాకెట్ కేంద్రానికి ఈ చోటు ఎంపికైంది. 1971 అక్టోబరులో తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. అప్పటినుంచీ కంచె లోపల గొడ్డలి చప్పుడు తగ్గింది. ఇవాళ మనం మెచ్చుకునే అడవిలో చాలా భాగం నరికిన మొదళ్ల నుంచి తిరిగి లేచిందే.

ఇక్కడ గిరిజనులైన యానాదుల మాట చెప్పకుండా దాటలేను. అడవిలో ఉండేవాళ్లే అడవిని పాడు చేస్తారన్నది ఇంకో అపోహ. తేనె, కుంకుళ్లు, బెత్తం, అద్దకానికి ఎర్ర రంగునిచ్చే చిరివేరు సేకరించి ఇచ్చింది ఆ ద్వీపపు యానాదులే. ఏ మొక్క ఎప్పుడు పూస్తుందో, ఏ దుంప ఎక్కడ దొరుకుతుందో వాళ్లకు తెలుసు. కట్టెలు అడిగింది పట్నం. రాకెట్ కేంద్రం కోసం వాళ్ల కుటుంబాలు ద్వీపం విడిచి రావలసి వచ్చింది. ఈ అడవి చరిత్ర ఎవరు రాసినా ఆ సంగతి రాయాలి.

అపోహ: నడుమెత్తు పొదలున్న నేల బంజరు. చదును చేసి మొక్కలు నాటితేనే అడవి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది ఈ అపోహే. తీర గ్రామాల్లో, గుడి మాన్యాల్లో, చెరువు గట్ల పక్కన కనిపించే చిక్కటి పొదను దగ్గరికి వెళ్లి చూడండి. చాలాసార్లు అది పొద జాతి కాదు. చెట్టు జాతే. పాల, అల్లి లాంటివి మొదలుకంటా నరికినా నేలలో వేళ్లు బతికే ఉంటాయి. మొదలు చుట్టూ పిలకలు లేస్తాయి. మేకలు కొరికినా, కట్టెల కోసం మళ్లీ మళ్లీ కొట్టినా మళ్లీ మళ్లీ లేస్తాయి. పైకి నడుమెత్తే ఉన్నా కింద వేళ్లు చాలా పాతవి. అలాంటి నేలను యంత్రంతో దున్ని చదును చేశారంటే ఆ పాత వేళ్లు పెళ్లగించుకుపోతాయి. ఇక పిలక రాదు. కొత్తగా నాటిన మొక్కను నీళ్లు పోసి బతికించుకోవాలి. పాతదానికి కావలసింది కొన్నేళ్లపాటు గొడ్డలి, మేపు లేకుండా కాపలా మాత్రమే.

విత్తనం సంగతి వేరు. ఈ చెట్లలో చాలావాటివి గుజ్జు కాయలు. పిగిలిపిట్టలు, గబ్బిలాలు, పునుగుపిల్లులు తిని విత్తనాన్ని మోసుకెళ్తాయి. దగ్గర్లో ఓ దేవుడి తోపో, పాత చెట్ల గుంపో ఉంటే వాటి పని సాగుతుంది. అది లేని చోట మాత్రం స్థానిక జాతుల మొక్కలు మనమే నాటాలి.

అపోహ: పచ్చబడితే చాలు, అడవి తిరిగి వచ్చినట్టే.

అలాస్కా మలి అడవుల మీద పాల్ అలబాక్ 1980లలో ప్రచురించిన పరిశోధన ఈ నమ్మకాన్ని దెబ్బతీసింది. నరికిన కొత్తలో పొదలు, గడ్డి బాగా వస్తాయి. పాతిక ముప్పై ఏళ్లు గడిచేసరికి ఒకే వయసు చెట్లు గొడుగులా కమ్ముకుంటాయి. నేలకు వెలుగు అందక అడుగున మొక్కలు చచ్చిపోతాయి. ఆ చీకటి వందేళ్లకు పైగా ఉండవచ్చు. చూడ్డానికి దట్టమైన అడవే. లోపల జింకకు మేత ఉండదు. అందుకే అక్కడ చెట్లను పలచన చేసి వెలుగు రప్పించే పద్ధతులు పరీక్షిస్తున్నారు. ఎర్ర ఆల్డర్ అనే చెట్టు కలిసి పెరిగిన చోట అడుగున మొక్కలు మెరుగ్గా ఉన్నాయనీ గమనించారు. ఆల్డర్ వేళ్ల బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తుంది. మన సరుగుడు వేళ్లలో ఉండేదీ ఫ్రాంకియానే.

మన దగ్గర కమ్ముకునేది సర్కారు తుమ్మ. ఉపగ్రహ చిత్రంలో అదీ పచ్చగానే కనిపిస్తుంది. పాల చెట్టు నీడలో మొలిచే మొక్కలు దాని కింద వెతికినా దొరకడం కష్టమే.

అపోహ: ఒడ్డున సరుగుడు నాటితే ఉప్పెన ఆగుతుంది.

సరుగుడు రైతు పంట. మూడు నాలుగేళ్లలో కోతకొచ్చి, కాగితపు మిల్లులకూ గుంజలకూ పోయి, ఇసుక నేలల్లో ఎన్నో కుటుంబాలకు ఆధారమైన పంట. దానితో నాకు పేచీ లేదు. పేచీ దాన్ని అడవి అనడంతో, అలల దగ్గరి ఇసుక దిబ్బల మీద దాన్ని నాటడంతో. 2004 సునామీ తర్వాత తీరమంతా సరుగుడు గోడలు లేచాయి. ఫీగిన్, కార్తీక్ శంకర్ తదితరులు 2010లో ప్రచురించిన సమీక్ష, భారీ ఉప్పెనను చెట్ల వరసలు ఆపుతాయనడానికి తగిన ఆధారాలు లేవంది. ఉన్న దిబ్బలను చెడగొట్టి నాటడం వల్ల నష్టమేనని హెచ్చరించింది. దిబ్బను పట్టి ఉంచేది బాలబంది తీగ, రావణుడి మీసాల గడ్డి. ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్లు పెట్టేదీ అలాంటి చెట్లు లేని ఇసుకలోనే. ఉత్తర తమిళనాడు తీరంలో సరుగుడు ఒడ్డుకు ఆనుకుని ఉన్న చోట తాబేళ్లు గుడ్లు పెట్టడం తగ్గిందని ఒక అధ్యయనం తేల్చింది.

అపోహ: పోస్ట్‌డాక్టరల్ పరిశోధన అంటే పీహెచ్‌డీ తర్వాత ఇంకో డిగ్రీ.

పై ప్రశ్నలకు జవాబు పరిశోధనే చెప్పాలి కాబట్టి ఈ అపోహనూ చూడాలి. డిగ్రీ కాదు, జీతం తీసుకుని చేసే గడువున్న కొలువు. కేంద్రం ఇచ్చే జాతీయ ఫెలోషిప్ రెండేళ్లది. ఇబ్బంది అక్కడే ఉంది. రెండేళ్లలో అడవి ఏమీ చెప్పదు. పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో ఎన్. పార్థసారథి బృందం ఈ రకం అడవుల్లో 1992లో కొలిచిన చెట్లనే 2002లో మళ్లీ కొలిచింది కాబట్టే పదేళ్లలో ఏది పెరిగిందో, ఏది పోయిందో తెలిసింది. నెల్లూరు తీరంలోనూ అలాంటి శాశ్వత కొలత స్థలాలు కావాలి. ఒక పరిశోధకుడు వదిలిన చోట ఇంకొకరు అందుకోవాలి.

తీర మండలాల పంచాయతీలకు, వన మహోత్సవం జరిపే బడులకు, స్వచ్ఛంద సంస్థలకు నా విన్నపం ఒక్కటే. మొక్కలు నాటడానికి నేల చూసుకునేటప్పుడు యంత్రాన్ని పిలిచే ముందు ఆ పొదల మొదళ్లను వంగి చూడండి. పాల, అల్లి పిలకలు కనిపిస్తే ఆ నేలను దున్నకండి. చుట్టూ కంచె వేసి, నాటడానికి వేరే చోటు వెతకండి.