కాయవలె దిగు విమానము

రాజోలు సీమ కొబ్బరితోటలలో పెరిగినవానికి దిగుట అను క్రియ రెండు విధములుగా తెలియును: చేలగట్టు మీదికి వాలుచు, చివరి నిమిషమున రెక్కలు వెనుకకు విరిచి, నేలను ముట్టీ ముట్టనట్లు నిలుచు కొంగ విధము ఒకటి, దింపు రోజున గెల తెగి ఇసుకలో ధబ్బున పడు కాయ విధము మరియొకటి. వాయుసేన విమానము కొంగవలె దిగును. విమానవాహక నౌక మీదికి వచ్చుదానికి ఆ విలాసము లేదు. ఓడవీపున అడ్డముగా పరచిన ఉక్కుతాళ్ళలో ఒకదానిని తోకకొక్కెముతో పట్టుకొని, గంటకు సుమారు 240 కిలోమీటర్ల వేగమును రెండున్నర సెకన్లలో చంపుకొనవలసియుండుటచేత, అది వచ్చిన వాలుననే వచ్చి పడవలసినదే.

ఈ ఒక్క భేదము వాయుసేనకై కట్టిన తేజస్ యుద్ధవిమానమును సముద్రమునకు అనువుపరచ పూనుకొన్న బెంగుళూరు ఇంజనీర్లకు పదిహేనేండ్లకు పైబడిన పనియైనది. కాయవలె పడవలెనన్నచో కాళ్ళు బలియవలెను; కాళ్ళు బలిసినచో వానిని మోయు దేహమును బలియవలెను; దిగునపుడు పైలటుకు ఓడ కనబడుటకై ముక్కు వంచవలెను; వేగము తగ్గినను విమానము గాలిలో నిలుచుటకై రెక్కల మొదట లెవ్‌కాన్ అను కదలుపలకలను చేర్చవలెను. ప్రతి చేర్పును బరువే. ఇంజను మాత్రము ఆ జనరల్ ఎలక్ట్రిక్ వారి ఎఫ్-404 ఒక్కటే. పెండ్లికొడుకు బక్కవాడు, మోయవలసిన కావడి మాత్రము పెద్దది!

తొలి నమూనా 2012 ఏప్రిల్ 27న ఎగిరినది. 2014 డిసెంబరు 20న గోవా తీరమున, ఓడముక్కువలె పైకి వంచి కట్టిన ఏటవాలు మీదుగా కమడోర్ జయదీప్ మావలంకర్ దానిని గాలిలోనికి లేపెను. రెండేండ్లు తిరుగకుండ నౌకాదళాధిపతి సునీల్ లాంబా, ఈ విమానము బరువెక్కినదనియు, తమ అవసరములకు చాలదనియు బహిరంగముగనే చెప్పివేసిరి. కటువుగా తోచినను, ఆ మాట సరియైనదనియే నా అభిప్రాయము. యుద్ధమునకు పోవువాడు ఇంధనమో ఆయుధమో ఇంట విడిచి పోజాలడు గదా.

ఐనను పని ఆగలేదు. నెల్లూరు జిల్లా మహిమలూరు బిడ్డ జి. సతీశ్ రెడ్డి డి.ఆర్.డి.ఓ. అధ్యక్షులుగా నున్న కాలమున, 2020 జనవరి 11న, అదే మావలంకర్ విక్రమాదిత్య నౌకపై తాడు పట్టి దిగెను. మరునాడు దానిమీదినుండియే లేచెను. రెండు ఇంజన్ల నౌకాయుద్ధవిమానమును రచించుచున్నవారికి నేడు ఆధారము ఆ దిగుటలలో కూడిన లెక్కలే. అది సిద్ధమగువరకు ఫ్రాన్సునుండి 26 రఫేల్-ఎం విమానములు కొనుటకు 2025 ఏప్రిల్‌లో ఒడంబడిక జరిగినది.

2023 ఫిబ్రవరి 6న కొత్త విక్రాంత్ ఓడవీపును పరీక్షింపవలసివచ్చినపుడు, దళమున పనిచేయుచున్న మిగ్-29కెతో పాటు, ఏ దళమునను చేరని ఈ విమానమును కూడ పిలిపించిరి. అదియు వచ్చి, కాయవలెనే దిగినది.