మైసూరుకు రెండు టిక్కెట్లు

బెంగళూరులో స్థిరపడిన మన తెలుగువాళ్లలో మైసూరు చూడనివారు అరుదు. లెక్కవేస్తే నేనే ఏడుసార్లు వెళ్లాను. ఒకసారి బడిపిల్లలతో, ఒకసారి మా అమ్మానాన్నలతో, రెండుసార్లు ఊరినుంచి వచ్చిన చుట్టాలకు చూపించడానికి, తక్కిన మూడుసార్లు పెళ్లిళ్లకు. వీటిలో నాలుగుసార్లు మా ఆవిడ కూడా వెంట ఉంది. కాని మేమిద్దరమే వెళ్లింది ఒక్కసారీ లేదు. మైసూరనే కాదు, పెళ్లయిన పందొమ్మిదేళ్లలో మేమిద్దరమే కలిసి ఏ ఊరికీ వెళ్లలేదు. కొత్తల్లో చెల్లెలి పెళ్లి బాకీలు, ఆ తరవాత పిల్లలు, ఆ తరవాత అమ్మ జబ్బు. ఎవరి తప్పూ లేదు. సంసారమంటే అంతే గదా అనుకున్నాం.

అమ్మాయి కాలేజీ హాస్టలుకు వెళ్లిన తరవాత ఒక రాత్రి భోజనాల దగ్గర నాకొక సంగతి తట్టింది. ఆ రోజంతటిలో మేమిద్దరం మాట్లాడుకున్న మాటలు ఇవి: "గ్యాసు బుక్ చేశారా?" "చేశాను." "కరెంటు బిల్లో?" "రేపు కడతాను." "పెరుగు వెయ్యనా?" "వెయ్యి." అంతే. తగవేమీ లేదు, కోపమూ లేదు. ఆఫీసులో పక్క సెక్షను గుమాస్తాతో నేను ఇంతకంటె ఎక్కువ మాట్లాడతాను. అన్నం సహించలేదు. అబ్బాయిని రెండు రోజులు తమ్ముడింట్లో ఉంచి, ఎక్కడికైనా వెళ్లివద్దామని ఆ రాత్రే నిశ్చయించాను.

నిశ్చయమైతే చేశాను గాని, ఇరవై రెండేళ్లుగా అకౌంట్సులో పనిచేస్తున్నవాడు ప్రయాణం ఎలా ఆలోచిస్తాడో అలాగే ఆలోచించాను. తెల్లకాగితం తీసి గీతలు గీసి, వేళ, స్థలము, దూరము, ఖర్చు, రిమార్కులు అని అయిదు కాలములు వేశాను. రెండు రోజుల్లో పదకొండు స్థలాలు పట్టాయి. రాజభవనం, జంతుశాల, చర్చి, మ్యూజియం, చాముండి కొండ, నంజనగూడు, శ్రీరంగపట్నం, బృందావన ఉద్యానం, ఇంకా ఏవేవో. కాగితం చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా నిదానంగా చదివింది. చదివి, "ఇందులో మనం ఎక్కడ కూర్చుంటామండీ?" అని అడిగింది.

"రైల్లో," అన్నాను.

ఆమె నవ్వలేదు. కాగితం మడిచి నా చేతికిచ్చి, "మీ ఇష్టం," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

పాఠక సోదరులకు ఇక్కడ ఒక మనవి. ఈ "మీ ఇష్టం" అనే మాటను పందొమ్మిదేళ్లుగా నేను మంజూరు ఉత్తర్వుగా భావిస్తూ వచ్చాను. అది మంజూరు కాదు. "అడిగినట్టు అడిగారు, చాలు" అని దాని అర్థం. అంచేత ఈసారి రెండోమారు అడిగాను. అప్పుడూ జవాబు రాలేదు. రెండు రోజుల తరవాత చిక్కుడుకాయలు తుంచుతూ తనంత తానే చెప్పింది. పొయ్యిమీదినుంచి దిగిన దోసె దిగినట్టుగా, కూర్చుని తినాలట. మార్కెట్టులో మల్లెపూలు తనే బేరమాడి కొనుక్కోవాలట. రాత్రి రాజభవనం దీపాలు చూడాలట. చుట్టాలతో వెళ్లినప్పుడల్లా ఆ వేళకు ఎవరో ఒక పిల్లవాడు నిద్రకు ఏడ్చేవాడట. ఇంకా, నీళ్లూ పక్షులూ ఉన్నచోట కాసేపు ఊరికే ఉండాలట. నా పదకొండు స్థలాల్లో పక్షులు లేనేలేవు.

పాత కాగితం చించేసి కొత్తది రాశాను. పూటకు ఒక్క స్థలమే అని నియమం పెట్టుకున్నాను. బృందావనం కొట్టేశాను. 1911లో మొదలైన ఆ కృష్ణరాజసాగరం ఆనకట్ట పనికి చీఫ్ ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు గనక తెలుగువాడి మనసు ఒప్పదుగాని, ఇదివరకు మూడుసార్లు చూసిందే గదా అని ఓర్చుకున్నాను. జంతుశాల, మ్యూజియం, నంజనగూడు కూడా పోయాయి.

రోజులు ఎంచుకోవడంలో మాత్రం గుమాస్తా బుద్ధి పనికివచ్చింది. రాజభవనానికి దాదాపు లక్ష దీపాలు వెలిగించేది ఆదివారాలూ, ప్రభుత్వ సెలవురోజులూ రాత్రి 7 గంటలకు. అదీ గంటలోపే. శనివారం వెళ్లి ఆదివారం సాయంత్రం తిరిగివచ్చేవారికి అది దక్కదు. మంగళవారం జంతుశాలా, దాని పక్కనున్న కారంజి చెరువు తోటా మూసి ఉంటాయి. అంచేత ఆదివారం ఉదయం బయలుదేరి, సోమవారం ఒక్కరోజు సెలవు పెట్టి, ఆ సాయంత్రం తిరిగి రావడం మేలు. దసరా రోజులు, ఆషాఢ శుక్రవారాలు చాముండి కొండ దగ్గర ఇసుక వేస్తే రాలదు. ప్రశాంతత కోరేవారు ఆ రోజులు వదిలెయ్యాలి. మేము మాఘమాసం ఎంచుకున్నాం. ఎండ ముదరదు, పక్షులు గూళ్లమీద ఉంటాయి.

డబ్బు సంగతి. చీటీ పాడగా మిగిలినవి 8,000 రూపాయలు. నాలుగు కవర్లలో వేశాను: బస, ప్రయాణం, భోజనం, నాలుగోది ఆమెకు. నాలుగో కవరుకు లెక్క అడగనని ముందే మాట ఇచ్చాను. బెంగళూరునుంచి మైసూరు సుమారు 140 కి.మీ. రైళ్లు పుష్కలం. ఎక్కువ వాటిలో రెండు మూడు గంటల్లో చేరవచ్చు. టిక్కెట్లు ఫోనులోనే కొన్నాను. "ఎంతమంది?" అన్నచోట రెండు అని నొక్కుతుంటే, ఎవరినో ఇంట్లో మరిచిపోతున్నట్టు అనిపించింది.

ఆదివారం పదిగంటలకల్లా దిగాం. స్టేషనుకు దగ్గరలోనే బస. దారిలో మహారాజా కళాశాల కనిపించింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు దాదాపు నాలుగు దశాబ్దాలు తెలుగు బోధించింది అక్కడే. మా ఆవిడకు చూపిస్తే, "అన్నమయ్య పాటలు సవరించిన ఆయనేనా?" అంది. ఔను, ఆయనే. ఈమాత్రం ఆమెకు తెలుసునని నాకు తెలియదు.

సామాను పడేసి నజరబాదులోని మైలారి దోసెకు వెళ్లాం. చిన్న హోటలు, బయట నిలబడి వంతుకోసం చూడాలి. దోసె మన ఇళ్లలోలాగ కరకరలాడదు. దూదిలా మెత్తగా ఉంటుంది, పైన వెన్న కరుగుతూ ఉంటుంది. మా ఇంట్లో నాకూ, పిల్లలకూ వేడివేడిగా వేసి, చివరికి పెనం ఆర్పి చల్లారినది తినే మనిషి. అక్కడ ఆమె ముందు ఆకులో దోసె పడగానే అలవాటుకొద్దీ నావైపు జరపబోయింది. "నాది నాకు వస్తుంది, నువ్వు తిను," అన్నాను. రెండు తిన్నది. మూడోది నేను చెప్పకుండా తనే తెప్పించింది.

మధ్యాహ్నం నిద్రపోయాం. ఇది కూడా కాగితంలో రాసి ఉంచిందే. నాలుగింటికి కారంజి చెరువు. గట్టువెంట చెట్లనీడలో నడవవచ్చు, వలకింద పక్షులు తిరిగే పెద్ద పంజరంలోకి మనమే వెళ్లవచ్చు. చీకటి పడ్డాక రాజభవనం ముందు నిలబడ్డాం. పాత కొయ్య మేడ 1897లో కాలిపోతే, హెన్రీ ఇర్విన్ అనే దొర గీసిన నమూనామీద కట్టిన ఈ మేడ 1912లో పూర్తయింది. ఏడింటికి దీపాలన్నీ ఒక్కసారి వెలిగేసరికి జనమంతా "ఓ" అన్నారు. మా ఆవిడ ఏమీ అనలేదు. నా మోచెయ్యి పట్టుకుంది. పదిమందిలో ఇదేమిటని నాకు మొదట బిడియం వేసినా, చెయ్యి తీసుకోలేదు.

సోమవారం తెల్లవారుజామున చాముండి కొండ. మెట్లు వెయ్యికి పైమాటే అంటారు. ఏడువందల మెట్ల దగ్గర ఏకశిలా నంది. దొడ్డ దేవరాజ ఒడెయరు కాలంలో, 17వ శతాబ్దంలో చెక్కినది. నడిచి ఎక్కి నందిని చూసి పైకి వెళదామని నా ఏర్పాటు. మొదటి మెట్టు దగ్గర ఆమె ఆగిపోయింది.

"బస్సులో వెళదామండీ."

"అయితే బస్సులో ఎక్కి, దిగేటప్పుడు మెట్లమీద దిగుదాం. దిగడం సులువు గదా?"

"దిగడమే కష్టం," అంది. కాసేపాగి, "మోకాళ్లు. ఏడాదైంది," అంది.

ఏడాది! ఒకే ఇంట్లో, ఒకే గదిలో ఉంటూ నాకు తెలియలేదు. మేడమీద బట్టలు ఆరెయ్యడం అబ్బాయికి ఎందుకు అప్పగించిందో, గుడిలో ప్రదక్షిణలు ఎందుకు తగ్గించిందో అప్పుడు అర్థమైంది. "ఎందుకు చెప్పలేదు?" అంటే, "మీరెప్పుడూ హడావిడిలో ఉంటారు. అత్తయ్యగారికి బాగాలేదు. ఆ తరవాత అమ్మాయి ఫీజులు. చెబుదామనుకుంటూనే ఉన్నాను," అంది. నిష్ఠూరంగా కాదు, చీటీ వాయిదా సంగతి చెప్పినట్టు చెప్పింది.

నందిదాకా రోడ్డు కూడా ఉంది. ఆటోలో వెళ్లి అమ్మవారిని దర్శించుకుని, వచ్చేటప్పుడు నంది దగ్గర దిగి అరుగుమీద కూర్చున్నాం. కింద మంచులో ఊరంతా కనబడుతోంది. అక్కడ గంటసేపు కూర్చున్నాం. పాత కాగితం ప్రకారం నందికి పది నిమిషాలు.

అక్కణ్ణుంచి రంగనతిట్టు. మైసూరునుంచి 20 కి.మీ. లోపే, శ్రీరంగపట్నం దగ్గర. కావేరికి అడ్డంగా 17వ శతాబ్దంలో కట్టిన ఆనకట్టవల్ల ఏర్పడిన చిన్న చిన్న లంకలవి. పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీగారి సలహామీద మైసూరు సంస్థానంవారు 1940లో పక్షుల రక్షిత స్థలంగా ప్రకటించారు. తొమ్మిదింటికల్లా చేరితే ఎండా ఉండదు, జనమూ ఉండరు. పడవలో తిప్పుతారు. బండలమీద మొసళ్లు కొయ్యదుంగల్లా పడి ఉంటాయి గనక చెయ్యి నీళ్లలో పెట్టరాదు. వానకాలంలో పైనుంచి నీరు వదిలినప్పుడు పడవలు ఆపేస్తారు. ఆ రోజుల్లో వెళ్లేవారు ముందుగా కనుక్కోవాలి.

పడవ ఒక లంకను చుట్టి తిరిగేసరికి చెట్టునిండా పెద్ద పెద్ద కొంగలు. పసుపుపచ్చని పొడుగాటి ముక్కు, రెక్కల చివర గులాబిరంగు. పడవవాడు కన్నడంలో ఏదో పేరు చెప్పబోయాడు. మా ఆవిడ లేచినంత పనిచేసి, "ఇవి మా వీరాపురం కొంగలు!" అంది.

ఆమెది హిందూపురం పక్క. ఆ దాపుల వీరాపురమనే ఊరుంది. ఏటేటా ఈ కొంగలే వచ్చి ఊళ్లో చెట్లమీద, ఇళ్లమధ్యనే గూళ్లు కట్టుకుంటాయి. ఊరివాళ్లు వాటిని చుట్టాల్లా చూసుకుంటారు, ఎవరినీ కొట్టనివ్వరు. చిన్నప్పుడు అక్కడ వాళ్ల పెద్దమ్మ ఇంట్లో సెలవులు గడిపిందట. గూటిలోంచి జారిపడ్డ పిల్లను పెద్దమ్మ బుట్టలో పెట్టి కాపాడిందట. పడవ దిగేదాకా చెబుతూనే ఉంది. దిగిన తరవాత వెదుళ్ల నీడలో కూర్చుని మళ్లీ చెప్పింది. ఈ కథ నేను పందొమ్మిదేళ్లలో వినలేదు. ఆమె దాచిందీ లేదు, నేను వద్దన్నదీ లేదు. తీరిక పడలేదు, అంతే.

మధ్యాహ్నం అరిటాకు భోజనం చేసి దేవరాజ మార్కెట్టుకు వెళ్లాం. పువ్వులు, తమలపాకులు, నంజనగూడు అరటిపళ్లు, కుంకుమ రాసులు. ఆమె కన్నడంలో బేరం మొదలుపెట్టి, కోపం వచ్చినప్పుడు తెలుగులోకి దిగి, చివరకు మూడు మూరల మైసూరు మల్లెలు నెగ్గింది. మార్కెట్టు అంచున మైసూరుపాకు అంగడి ఉంది. నాల్మడి కృష్ణరాజ ఒడెయరువారి వంటశాలలో ఈ మిఠాయిని మొదట చేసిన కాకాసుర మాదప్ప వంశంవారిదే ఆ అంగడి అని చెబుతారు. నాలుగో కవరు అక్కడ తెరుచుకుంది. అరకిలో అమ్మాయికి, అరకిలో తమ్ముడింటికి. తనకేమీ కొనుక్కోలేదు. లెక్క అడగనని మాట ఇచ్చాను గనక అడగలేదుగాని, పావుకిలో విడిగా కొని రైల్లో ఆమె చేతిలో పెట్టాను. రామనగరం వచ్చేసరికి పొట్లం ఖాళీ.

ఇలా బయలుదేరదలచిన దంపతులకు నేను చెప్పగలిగినవి ఇవి. ఎన్ని స్థలాలు చూడాలో రాసుకునే ముందు, ఎక్కడ కూర్చోవాలో రాసుకోండి. "మీ ఇష్టం" అంటే మళ్లీ అడిగి, రెండు రోజులు ఆగండి. ఎక్కవలసిన మెట్లుంటే ఇంటి దగ్గరే మాట్లాడుకోండి, కొండ కింద కాదు. ఒక పూట పూర్తిగా ఖాళీ వదలండి. డబ్బు తక్కువైతే ఒకరోజే వెళ్లండి గాని, ఇంకొకరిని వెంటబెట్టుకోకండి.

తిరిగివచ్చిన గురువారం ఆసుపత్రికి తీసుకువెళ్లాను. మందుకంటె వ్యాయామం ముఖ్యమన్నారు. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఆమె కుర్చీలో కూర్చుని కాలు చాపి ఎత్తుతుంటే నేను పక్కన కూర్చుని లెక్కపెడుతున్నాను. ఆ పావుగంటలో గ్యాసు, కరెంటు బిల్లుల ప్రస్తావన తేకూడదని ఒప్పందం.

వచ్చే మాఘమాసంలో వీరాపురం వెళ్లాలని ఉంది. హిందూపురందాకా రైలుంది. కాగితమూ, కలమూ ఈసారి ఆమె దగ్గర పెట్టాను. మొన్న చూస్తే ఒకే ఒక పంక్తి రాసి ఉంది: "పొద్దున్నే వెళ్లి, చెట్టుకింద కూర్చోవాలి." తక్కిన కాలములు ఖాళీగానే ఉన్నాయి.