టమోటా ఎర్రబడాలన్నా, కీలు వాచాలన్నా

మదనపల్లె టమోటా మార్కెట్‌కు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటని పేరు. దూరాలకు పంపే సరుకైతే దోరగా ఉన్నప్పుడే లారీ ఎక్కుతుంది. దిగేసరికి ఎర్రబడుతుంది. దోరకాయలో ఉన్న జన్యువులూ పండులో ఉన్న జన్యువులూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. మారేదల్లా వాటిలో ఏవి పనిచేయాలి, ఏవి ఊరుకోవాలి అన్న ఏర్పాటు. డీఎన్‌ఏ మీద అక్కడక్కడా మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు అతుక్కుని ఉంటాయి. అవి దట్టంగా ఉన్నచోట జన్యువు సాధారణంగా అణిగి ఉంటుంది. కాయ పక్వానికి వచ్చేకొద్దీ పండించే జన్యువుల దగ్గర ఆ గుర్తులు చెరిగిపోతాయి. 5-అజాసైటిడిన్ అని ఒక మందుంది. కొత్త గుర్తులు పడకుండా అడ్డుకుంటుంది. 2013లో శాస్త్రవేత్తలు దాన్ని పచ్చి టమోటాలోకి సూదితో ఎక్కించారు. ఈడు రాకముందే కాయ ఎర్రబడింది.

అసలు వింత ఇది కాదు. అంతకు నాలుగేళ్ల ముందు, 2009లో, స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ పరిశోధకులు సరిగ్గా ఇదే మందును మనిషి కీలు లోపలి పొర కణాల మీద వాడారు. జబ్బు లేని కణాలవి. మోతాదు కణాలను చంపనంత తక్కువ, గడువు మూడు నెలలు. మిథైల్ గుర్తులు తగ్గేసరికి నూటికి పైగా జన్యువులు రెట్టింపుకు మించిన జోరుతో పనిచేయసాగాయి. మంచి కణాలు కాస్తా రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగి కణాల తీరుకు తిరిగాయి. రోగుల కీళ్ల నుంచి తీసిన కణాల్లోనూ ఆ గుర్తులు తక్కువే ఉన్నాయని వాళ్లే తేల్చారు. కాయను పండించిన మందే కీలు కణాన్ని దారి తప్పించిందన్నమాట!

వయసు మీద పడి మోకాలు అరగడం వేరు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే ఈ కీళ్లవాతం వేరు. పొద్దున లేస్తూనే వేళ్లు బిగుసుకుపోతాయి, రెండు చేతుల కణుపులూ ఒకే తీరున వాస్తాయి. శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ల మీద పడుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

ఇందులో కీలు పొర కణాల మొండితనం రికార్డుల పుస్తకానికి ఎక్కదగ్గది. రోగి నుంచి తీసిన ఆ కణాలను, మనిషి మృదులాస్థి ముక్కతో కలిపి, రక్షణ శక్తి లేని ఎలుకలో పెట్టి చూశారు. రెచ్చగొట్టే తెల్లకణాలు ఒక్కటీ తోడు లేకపోయినా అవి మృదులాస్థిని తొలుచుకుంటూ పోయాయి. 2009లో జర్మన్ పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. ఎలుకకు ఒక పక్క రోగి కణాలతో మృదులాస్థిని, రెండో పక్క ఒట్టి మృదులాస్థిని అమర్చారు. కణాలు రక్తంలో పడి ప్రయాణం చేసి రెండో పక్కకూ చేరి అక్కడా తినడం మొదలుపెట్టాయి. ఒక కీలులో మొదలైన జబ్బు మరో కీలుకు ఎలా పాకుతుందన్నదానికి ఇదొక ఆధారం.

కవలల సంగతి మరీ విడ్డూరం. 1993లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో, ఒకే పోలిక కవలల్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే రెండో వారికీ ఉన్నది నూటికి 15 జతల్లోనే. జాతకాలు చెప్పేవాళ్లు కవలల ప్రశ్న దగ్గర నీళ్లు నమిలినట్టే, అంతా జన్యువుల్లోనే రాసి ఉందనేవాళ్లూ ఇక్కడ నీళ్లు నములుతారు. జన్యువుల్లో రాత ఒకటే అయినా అమలు వేరు. దాన్ని తారుమారు చేసేవాటిలో బీడీ, సిగరెట్ల పొగ మీద నేరం గట్టిగానే రుజువైంది.

రాత కంటే అమలుదే పెద్ద పాత్ర అన్నది పశువుల్లోనూ కనిపిస్తుంది. ప్రపంచంలోని అతి పొట్టి ఆవు జాతుల్లో పుంగనూరు ఆవు ఒకటి. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. పశువుల ఎత్తును తేల్చే తేడాల్లో చాలావరకు ప్రొటీన్‌ను తయారుచేసే భాగంలో ఉండవు, ఆ తయారీని అదుపుచేసే భాగంలో ఉంటాయి. 2011లో పాడి పశువుల్లో పీఎల్‌ఏజీ1 అనే జన్యువు దగ్గర బయటపడింది ఇలాంటిదే. కీళ్లవాతానిదీ అదే కథ. 2014 నాటికి ఆ జబ్బుతో ముడిపడ్డ చోట్లు 101 దొరికితే, వాటిలో అత్యధికం అదుపు భాగాల్లోవే.

జన్యువులను అదుపుచేసేవి మిథైల్ గుర్తులే కాదు, చిన్న ఆర్‌ఎన్‌ఏ తునకలు కూడా. కుప్పం పక్క మల్బరీ తోటలు, పట్టుపురుగుల షెడ్లు మామూలే. ఆ పురుగు ఆడదా మగదా అన్నది తేల్చేది 29 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ తునక అని 2014లో జపాన్‌లో కనుగొన్నారు. లింగాన్ని ప్రొటీన్ కాక ఇంత చిన్న తునక నిర్ణయించడం అదివరకు ఎవరూ చూడలేదు. మనిషిలో ఇంతకంటే చిన్నవి, 22 అక్షరాలకు అటూఇటూగా ఉన్న మైక్రో ఆర్‌ఎన్‌ఏలు, జన్యువుల నోరు నొక్కుతుంటాయి. వాటిని కనుగొన్నందుకే 2024 వైద్య నోబెల్ వచ్చింది. వీటిలో 155వ నంబరుది రోగి కీళ్లలో పెరిగి ఉంటుంది. అది లేకుండా పుట్టించిన ఎలుకలకు ఒక పద్ధతిలో కీళ్లవాతం తెప్పిద్దామని చూస్తే రాలేదు.

మళ్లీ మదనపల్లెకు వద్దాం. ఊరి పక్క ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం 1915లో మొదలైంది. డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్-ముల్లర్ దాన్ని నడిపాడు. దేశంలో బీసీజీ టీకా తొలి అడుగులు పడిన చోట్లలో మదనపల్లె ఒకటి, అది 1948. క్షయకూ కీళ్లవాతానికీ చుట్టరికం ఏమిటంటారా? రెండుసార్లు కలిసింది. బంగారు లవణం క్షయ క్రిమిని అణచగలదని 1890లో రాబర్ట్ కాక్ చెప్పాడు. కీళ్లవాతం కూడా క్షయలాంటిదేననుకుని 1929లో ఫ్రాన్స్ వైద్యుడు ఫారెస్టియే బంగారం సూదులు వేశాడు. ఊహ తప్పు, మందు మాత్రం పనిచేసింది! దశాబ్దాల పాటు వాడారు.

రెండో కలయిక చేదుది. టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ జన్యువు కీళ్లవాతంలో అదుపు తప్పి రేగుతుంది. దాన్ని అడ్డుకునే సూదిమందులు వచ్చాక మంచాన పడ్డవాళ్లు లేచి నడిచారు. అయితే ఊపిరితిత్తుల్లో నిద్రపోతున్న క్షయ క్రిమి చుట్టూ గోడ కట్టి ఉంచేదీ ఆ టీఎన్‌ఎఫే. 2001లో వెలువడిన నివేదికలో ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడినవాళ్లలో 70 క్షయ కేసులు లెక్కతేలాయి. అప్పటినుంచి ఆ సూది వేసేముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష తప్పనిసరి. క్షయ ఇంకా వదలని మన దేశంలో ఈ పరీక్షను తోసేసే వైద్యుణ్ని నమ్మొద్దు.

ఖరీదైన సూదుల కంటే ముందు రాసే మాత్ర మెథోట్రెక్సేట్. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే పరిశోధనశాలను నడిపిన కాలంలో అక్కడే తయారైంది. తలపెట్టింది ల్యుకేమియా కోసం. అమెరికాలో కీళ్లవాతానికి అనుమతి వచ్చింది 1988లో, ఆయన పోయిన 40 ఏళ్లకు. రక్షణ వ్యవస్థకు కళ్లెం వేసే కణాల్లో ఫాక్స్‌పీ3 అనే జన్యువు పనిచేస్తుంటుంది. ఈ మాత్ర దాని అదుపు భాగం మీది మిథైల్ గుర్తులను తుడిచి దాన్ని లేపుతుందని 2015లో తేలింది. ఇది వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర. రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. చీటీ మీద వారంలో ఏ రోజు వేసుకోవాలో తెలుగులో రాయించుకోండి.