గిటారులో కండె

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో పెరిగినవారికి కండె అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మగ్గం ఉన్న ఇంట్లో రాట్నం తిప్పుతూ నూలును కండెకు చుట్టడం, దాన్ని నాడెలో పెట్టి నేయడం మీరు చూసే ఉంటారు. ఇప్పుడు నూలుకు బదులు సన్నని రాగి తీగను, కండె పుల్లకు బదులు అయస్కాంతాన్ని ఊహించుకోండి. ఎలక్ట్రిక్ గిటారుకు ప్రాణమైన ‘పికప్’ అంటే అంతే!

ఆ రాగి తీగ మందం మిల్లీమీటరులో నూరింట ఆరు వంతులు మాత్రమే. చాలా పికప్‌లలో దాన్ని సుమారు 8,000 చుట్లు చుడతారు. విప్పితే దాదాపు ఒక కిలోమీటరు పొడవు ఉంటుంది. ఈ కండెకు పైన ఉక్కు తంత్రులు ఉంటాయి. అయస్కాంతం దగ్గరుండటంవల్ల తంత్రి కూడా కొద్దిగా అయస్కాంతమవుతుంది. మీరు మీటగానే అది ఊగుతుంది. చుట్టలోని అయస్కాంత క్షేత్రం ఆ ఊపుతోపాటే హెచ్చుతూ తగ్గుతుంది. క్షేత్రం మారితే తీగచుట్టలో విద్యుత్తు పుడుతుందని 1831లో ఫారడే కనిపెట్టిన సంగతి మీ పాఠంలో ఉన్నదే. తంత్రి సెకనుకు 440 సార్లు కంపిస్తే విద్యుత్తు కూడా 440 సార్లే ఊగుతుంది. ఆంప్లిఫయరు దాన్ని పెంచి స్పీకరుకు అందిస్తుంది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. పికప్ గాలిలోని శబ్దాన్ని వినదు. ఉక్కు కదలికను మాత్రమే కనిపెడుతుంది. అందుకే వీణమీద ఇది సరిగా పనిచేయదు. వీణలో మంద్రస్థాయి తంత్రులు ఇత్తడివో కంచువో అయి ఉంటాయి. వాటిని అయస్కాంతం ఆకర్షించదు. మాండలిన్‌కు ఆ చిక్కు లేదు. పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టి, జంట తంత్రుల స్థానంలో అయిదు ఒంటి తంత్రులు వేసుకుని, దానిమీద కర్ణాటక సంగీతం పలికించారు. మామూలు మాండలిన్ స్వరం మీటిన వెంటనే ఆరిపోతుంది. పికప్, ఆంప్లిఫయరు తోడైతే ఆరిపోతున్న స్వరం కూడా చెవికి అందుతుంది. గమకానికి కావలసింది అదేగదా!

అయితే కండె తంత్రిని మాత్రమే వింటుందా? ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఫ్యాను మోటారు, ట్యూబ్‌లైటు చోకు చుట్టూ ఆ క్షేత్రం ఉంటుంది. కండె దాన్ని కూడా పట్టేస్తుంది. స్పీకరులో ‘బుయ్’మనే రొద అదే. చవక గిటారు కొన్న కుర్రవాళ్లు ఈ రొద వినగానే పికప్ మార్చేయాలనుకుంటారు. తొందరపడి డబ్బు పోసేముందు రొద ఎక్కడిదో తెలుసుకోవాలి.

అంతకన్నా ముందు ఆంప్లిఫయరు ప్లగ్గు చూడండి. మూడో పిన్ను, అంటే ఎర్త్, ఉన్నదా? గోడలోని సాకెట్‌కు నిజంగా ఎర్త్ తగిలించారా? గిటారు తంత్రులు లోపలి తీగద్వారా ఆంప్లిఫయరు లోహపు పెట్టెకు కలిసి ఉంటాయి. పెట్టెలోకి కరెంటు దిగితే అది నేరుగా మీ వేళ్లకు వస్తుంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీ పట్టణంలో లెస్లీ హార్వే అనే గిటారు వాద్యకారుడు ఎర్త్ సరిగాలేని మైకును ముట్టుకుని వేదికమీదే చనిపోయాడు. కాబట్టి ఈ సంగతి ఎలక్ట్రీషియన్ చూసి సరేనన్న తరువాతే ముందుకు వెళ్లండి. ఆంప్లిఫయరును మాత్రం మీరు విప్పవద్దు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

ఇక పరీక్ష. తంత్రులమీద చేయి వేయండి. రొద తగ్గిందా? అయితే మీ శరీరమే ఏరియల్‌లా రొదను పోగుచేసి గిటారుకు అందిస్తున్నదన్నమాట. పికప్ అమర్చిన గుంటలోపల రాగిరేకు అతికించి, ఆ రేకును ఎర్త్ తీగకు కలిపితే చాలావరకు పోతుంది. చేయి వేస్తే రొద పెరిగిందా? ఎర్త్ తీగ ఎక్కడో ఊడింది, లేదా జాక్ దగ్గర రెండు తీగలు తారుమారయ్యాయి. ఒక్క సోల్డరింగ్ చుక్కతో పోయే జబ్బు అది! గిటారు పట్టుకుని నిలుచున్నచోటే మెల్లగా తిరగండి. ఒక దిక్కున రొద హెచ్చి, మరో దిక్కున తగ్గితే అది అయస్కాంత క్షేత్రం పని. దాన్ని రాగిరేకు ఆపలేదు. పికప్ మార్చవలసింది అప్పుడే.

ఏ పికప్ పెట్టాలి? 1955లో గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ ఒక చమత్కారం చేశాడు. పక్కపక్కనే రెండు కండెలు పెట్టాడు. రెండోదానికి అయస్కాంత ధ్రువాన్నీ, చుట్టనూ రెంటినీ తిరగేశాడు. రొదకు ఈ అయస్కాంతంతో పనిలేదు. కనుక ఒక చుట్టలో +5 అయితే రెండోదానిలో −5 పుడుతుంది, మొత్తం సున్న. తంత్రి పలుకు మాత్రం ధ్రువంవల్ల ఒకసారి, చుట్టవల్ల ఒకసారి, రెండుసార్లు తిరగబడుతుంది. రెండు ఋణాలు హెచ్చవేస్తే ధనమేగదా! 3కు 3 కలిసి 6 అవుతుంది. దీన్నే ‘హంబకర్’ అంటారు. దాని గొంతు కాస్త బరువుగా ఉంటుంది. ఒంటికండె మెరుపు అందులో ఉండదు. రొద కొంచెమున్నా ఆ మెరుపే కావాలనేవారు ఈనాటికీ చాలామంది ఉన్నారు.

హంబకర్ పెట్టేటప్పుడు వాల్యూమ్ కంట్రోలును కూడా చూసుకోండి. ఒంటికండెకు సాధారణంగా 250 కిలో ఓములది వాడతారు. హంబకర్‌కు అదే ఉంచితే హెచ్చు స్థాయి స్వరాలు దానిగుండా జారిపోయి ధ్వని మొద్దుబారుతుంది. దానికి 500 కిలో ఓములది వేయించండి.